పుస్తకంలో లేని ఆదివారం

ప్రొద్దుటూరులో మోటారు సైకిలు నడిపేవాళ్ళు పదకొండు మంది ఉన్నారనీ, ఆ పదకొండు మందిలో ఒక్కడికి కూడా చెవులు లేవనీ హుమాయున్ ఎప్పుడో తేల్చేశాడు. చెవులంటే తలకు రెండు పక్కలా మొలిచినవి కావు, ఇంజిను ఏమంటున్నదో వినగలిగినవి. అలాంటివి జిల్లా మొత్తానికి తన ఒక్కడికే ఉన్నాయని అతని నమ్మకం. ఆ నమ్మకాన్ని కడుపులో దాచుకునే రకం కాదు. షెడ్డుకు బండి తెచ్చిన ప్రతివాడికీ ముఖం మీదే చెప్పేవాడు.

అతని నాయన నాల్‌బందు. ఎద్దులను పడేసి, కాళ్ళు కట్టి, గిట్టలకు లాడాలు కొట్టి బతికాడు. పని చేసినంతసేపూ నోట్లో మేకులు పట్టుకుని ఉండేవాడు కాబట్టి ఆయన మాట ఊళ్ళో చాలామంది వినలేదు. కొడుక్కి ఆ విద్యా రాలేదు, ఆ మౌనమూ రాలేదు. యుద్ధం రోజుల్లో పద్దెనిమిదేళ్ళ హుమాయున్ రైలెక్కి మద్రాసు పోయి, మిలిటరీ వర్క్‌షాపులో చేరి, నాలుగేళ్ళు గ్రీజులో మునిగాడు. స్క్రూడ్రైవరు మొన ఇంజిను మీద ఆనించి, పిడి చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని రోగం చెప్పడం అక్కడ నేర్చుకున్నాడు. తిరిగొచ్చి జమ్మలమడుగు రోడ్డులో రేకుల షెడ్డు వేశాడు. ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మూడేళ్ళకు ఆంధ్రప్రదేశ్ అయింది, కర్నూలులో ఉన్న రాజధాని మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు పోయింది. షెడ్డు మాత్రం ఉన్నచోటే ఉంది. అతని నోరూ ఉన్నట్టే ఉంది.

పత్తి వ్యాపారి కొడుకు శేషఫణి బండి తెస్తే, "ఏమప్పా, దీన్ని నడుపుతాండావా, దీంతో సున్నం రుబ్బుతాండావా?" అని అడిగేవాడు. శేషఫణి పళ్ళికిలించేవాడు. మళ్ళీ అక్కడికే వచ్చేవాడు. రాక చస్తాడా? కడప దాకా పోయినా అంత పనిమంతుడు లేడు. ఆ సంగతి శేషఫణికీ తెలుసు, హుమాయున్‌కు అంతకంటే బాగా తెలుసు.

అందరి మీదా చులకనే గానీ, అసలు చులకనంతా మూటగట్టి పెట్టింది ఓవర్సీరు పానకాలరావు మీద. ఆయనది తెనాలి వైపు. చెరువుల మరమ్మతు పనుల మీద పులివెందులకు బదిలీ అయి వచ్చాడు. వస్తూ ఒక ఎర్రటి విదేశీ బండి తెచ్చుకున్నాడు. దాన్ని చూసిన రోజు హుమాయున్‌కు అన్నం సయించలేదు. అంత చక్కటి బండి అంత చేతగానివాడికి దొరకడమేమిటని! పానకాలరావు దాన్ని గంటకు పదిహేను మైళ్ళు మించి పోనివ్వడు. దారిలో నీళ్ళు కనబడితే దిగి తోసుకుపోతాడు. జేబులో గుడ్డ పెట్టుకుని, ఆగిన చోటల్లా టాంకీ తుడుస్తాడు.

ఆ బండికి ఆయిలు పోసే అర వేరే ఉండదు. పెట్రోల్లోనే ఆయిలు కలిపి పోయాలి. కలపకపోతే లోపల ఇనుమూ ఇనుమూ రాచుకుని ఇంజిను పట్టేస్తుంది. పానకాలరావు దానికోసం ఒక గాజు కొలత గ్లాసు పెట్టుకున్నాడు. గీత దగ్గర కన్ను పెట్టి, ఊపిరి బిగబట్టి, గుళ్ళో తీర్థం పోసినట్టు పోస్తాడు. పోసి ఊరుకుంటాడా? జేబులోంచి నీలం అట్ట పుస్తకం తీసి తేదీ, మైళ్ళు, పెట్రోలు, ఆయిలు అన్నీ రాసుకుంటాడు. పైగా మెకానిక్కును "హుమాయున్ గారూ" అని పిలుస్తాడు. ప్రొద్దుటూరులో ఇంకెవరూ అతన్ని అలా పిలవలేదు. మర్యాద కూడా చేతగానితనం కిందే లెక్కేసుకున్నాడు హుమాయున్.

"ఆ పుస్తకమేంది సార్? పుట్టినబిడ్డ జాతకం రాస్తాండారా?" అని ఒకసారి అడిగాడు.

"మరిచిపోతానండీ. రాసుకుంటే నిజం చెరిగిపోదు కదా," అన్నాడు పానకాలరావు. హుమాయున్ పక్కకు తిరిగి ఉమ్మేశాడు.

ఆ ఫిబ్రవరిలో ఇంజిన్లో మసి తీయమని పానకాలరావు బండిని షెడ్డులో వదిలి, బస్సులో పులివెందుల పోయాడు. సోమవారం పొద్దున మొదటి బస్సుకు వచ్చి తీసుకుంటానన్నాడు. శనివారం మధ్యాహ్నానికి పని అయిపోయింది. ఇక మిగిలింది ట్రయలు.

ట్రయలంటే మెకానిక్కుల ఆచారం. పని అయిన బండిని ఒకసారి నడిపి చూడాలి, అది ధర్మం. వీధి చివరిదాకా పోయి వస్తే ట్రయలే, అల్లుణ్ణి చూడ్డానికి చక్రాయపేట పోయి వచ్చినా ట్రయలే. బయలుదేరే ముందు మైళ్ళ మీటరు తీగ ఊడదీస్తే చాలు, ముల్లు కదలదు. బండి యజమాని పుస్తకంలో ఏం రాసుకున్నాడో అక్కడే ఆగి ఉంటుంది. హుమాయున్ ఆ తీగ ఊడదీస్తూ నీలం అట్ట పుస్తకాన్ని తలుచుకుని నవ్వుకున్నాడు.

ఆదివారం పొద్దున జమ్మలమడుగులో మిషన్ బడి డ్రాయింగు మాస్టరు సుందరం కోసం చర్చి బయట గంటసేపు నిలబడాల్సి వచ్చింది. పక్కన అలీ అహ్మద్ ఉన్నాడు. ప్రైవేటు బస్సు డ్రైవరు, యుద్ధం అయ్యాక మిలిటరీ వాళ్ళు వదిలించుకున్న పాత నల్లబండి ఒకటి కొన్నాడు. అది నిలబడిన చోటల్లా కింద ఆయిలు మడుగు కడుతుంది. గండికోట ఎక్కి, అక్కణ్ణుంచి ముద్దనూరు కనుమ మీదుగా ఇల్లు చేరాలని ముగ్గురూ ఏడాదిగా అనుకుంటున్నారు. కొండలు చూడాలన్న కోరిక సుందరానిది. అలీ అహ్మద్‌కు ఎవరితోనైనా పందెం కావాలి. హుమాయున్‌కు ఆ ఎర్రబండి కావాలి.

సుందరం ప్రార్థన ముగించుకుని, బోడితల మీద టోపీ పెట్టుకుని, చంకలో బొమ్మల పుస్తకంతో వచ్చాడు. "నీ దేవునికి నీ పాపాలన్నీ చెప్పుకునేసరికి ఇంత పొద్దెక్కింది. రవ్వన్ని తగ్గించి చేయరాదా అయ్యవారూ?" అన్నాడు హుమాయున్. సుందరం నవ్వి అలీ అహ్మద్ వెనక ఎక్కి కూర్చున్నాడు. అతనికి కోపం రాదు. అదీ హుమాయున్‌కు నచ్చదు.

గండికోటలో పెన్న కొండను నిలువునా కోసి కిందెక్కడో పారుతోంది. ఎర్రటి బండలు పేర్చినట్టు ఇటూ అటూ లేచి నిలబడ్డాయి. సుందరం అంచున కూర్చుని బొమ్మ వేయడం మొదలుపెట్టాడు. అలీ అహ్మద్ కూడా నోరు తెరిచి చూస్తూ నిలబడిపోయాడు. హుమాయున్ మాత్రం లోయకు వీపు పెట్టి కూర్చుని చెయిను బిగించుకున్నాడు.

"ఒకపారి ఇట్ల చూడు భాయ్, కండ్లు తిరుగుతాండాయి," అన్నాడు అలీ అహ్మద్.

"రాళ్ళు. రాళ్ళ నడాన నీళ్ళు. మా పెరట్లో గూడా ఉండాయి. దీనికోసం ఇంత దూరం పెట్రోలు కాల్చుకొని వచ్చినారు సూడు, మీయట్లాంటోళ్ళ కోసమే ఓవర్సీర్లను పుట్టించినాడు దేవుడు."

కోట దిగేటప్పుడు అలీ అహ్మద్ పందెం వేశాడు. వేస్తే హుమాయున్ ఊరుకుంటాడా? ఎర్రబండి బతుకులో మొదటిసారి తన సత్తా చూపించింది. దుమ్ములో అలీ అహ్మద్ ఎక్కడ తప్పిపోయాడో కూడా తెలియలేదు. ముద్దనూరు దారిలో కనుమ మొదట్లో హుమాయున్ ఆగి, వెనక వచ్చేవాళ్ళ కోసం కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. వాళ్ళు వచ్చాక బండి స్టార్టు చేయబోతే దగ్గింది, ఆగిపోయింది. టాంకీ మూత తీసి చూస్తే అడుగు కనిపిస్తోంది. పొద్దున తను కలిపి పోసుకున్నదంతా పందేనికే అయిపోయింది.

అక్కడ నాలుగిళ్ళున్నాయి. ఒక ఇంటి ముందు మూడు రాళ్ళ పొయ్యి మీద కుండ పెట్టి రమణమ్మ అనే ముసలామె ఆముదం కాస్తోంది. వేయించి దంచిన ముద్దను నీళ్ళలో ఉడికిస్తే నూనె పైకి తేలుతుంది, దాన్ని గరిటెతో తీసుకుంటారు. ఆమె ముగ్గురికీ తాగడానికి నీళ్ళిచ్చింది. హుమాయున్ రబ్బరు గొట్టం అలీ అహ్మద్ టాంకీలో పెట్టి, నోటితో పీల్చి, రెండు సీసాల పెట్రోలు ఎర్రబండిలోకి దించాడు.

"నీ బండికి ఆయిలు కలపల్ల గదప్పా? నా బండికి అవసరం లేదు గానీ నీదానికి కావాల్నే," అన్నాడు అలీ అహ్మద్. "నా దాంట్లోంచి తీసుకుందామంటే, సగం దారి పొడుగూతా కార్చుకుంటా వచ్చినా, మిగిలింది దానికే చాలదు."

సుందరం కుండ వైపు చూశాడు. "ఒక పత్రికలో సదివినాను హుమాయూ. ఇంగ్లీషోళ్ళ సీమలో పందేల బండ్లకు ఆముదమే పోస్తారంట. అవ్వనడిగి రవ్వంత..."

హుమాయున్ పగలబడి నవ్వాడు. "ఆముదమా! నీ బోడిగుండుకు పూసుకో అయ్యవారూ, ఎంటికలన్నా మొలుస్తాయి. బొమ్మలు గీసుకునేటోడు నాకు ఇంజిను పాఠం చెప్తాండాడు సూడు."

రమణమ్మ తెడ్డు ఆపింది. "ఎగతాళి చేస్తాండావేందప్పా? బండి ఇరుసుకు పోసేది ఇదే. మా తాతల కాడి నుంచి పోస్తాండాం. యా ఇరుసన్నా పట్టుకున్యాదా?"

"ఇది ఎద్దుల బండి కాదు మ్మా, మోటారు. నీ ఆముదం తీస్కపోయి నీ ఎద్దు తోకకు పూయి."

"ఆముదం కాస్తాన్నప్పుడు ఎగతాళి చేస్తే నూనె తేలదు నాయనా. నా కుండ చెడగొట్టాకు. పో ఈడ్నించి," అంది ఆమె.

హుమాయున్‌కు తెలియదా ఆయిలు కావాలని? తెలుసు. పొద్దున కలిపేటప్పుడు కొలత గ్లాసు లేకుండా కంటిచూపుతో చిక్కగా పోశాడు. ఆ చిక్కదనం లోపల ఇంకా అంటుకుని ఉంటుంది, ముద్దనూరు దాకా చాలు, అక్కడ లారీల వాళ్ళ దగ్గర దొరుకుతుంది అనుకున్నాడు. కొలిచి పోసుకునేది చెవులు లేనివాళ్ళు. ఇంజిను కష్టపడితే తనకు ముందే వినిపిస్తుంది, ఆపుతాడు. అందులో భయపడాల్సిందేముంది?

కనుమ ఎక్కుతుంటే ఎండ నెత్తిన కాస్తోంది. రెండు మలుపులు దాటాక వెనక నుంచి సుందరం, "ఆపప్పా, ఆపు! ఆ కొండ వరస చూసి పోదాం," అని కేకేశాడు. అంతే, హుమాయున్ తల వెనక్కి తిప్పి తిట్లు అందుకున్నాడు. సుందరం కళ్ళను, బొమ్మలను, చర్చిని, ఆముదాన్ని, ఆముదం సలహా అచ్చేసిన పత్రికను, అది చదివిన బడిని వరసబెట్టి తిట్టాడు. గొంతు చించుకుని తిట్టాడు. కింద ఇంజిను స్వరం బిగుసుకుంది, మొద్దుబారింది, కీచుమంది. జిల్లాకంతటికీ ఉన్న ఒకే ఒక్క చెవుల జతలో అతని గొంతే నిండి ఉంది.

వెనక చక్రం గట్టిగా పట్టేసి రోడ్డు మీద ఈడ్చుకుపోయింది. అలవాటుకొద్దీ క్లచ్చు నొక్కాడు కాబట్టి పడలేదు. బండి ఆగింది. కిక్కు మీద కాలు పెట్టి తొక్కితే కదల్లేదు. నిలబడి బరువంతా వేసి తొక్కినా కదల్లేదు.

అలీ అహ్మద్ వచ్చి బండి ఆపాడు. రేపు పొద్దున మొదటి బస్సుకు పానకాలరావు దిగుతాడు. షెడ్డులో బండి లేకపోతే, ఉండీ కదలకపోతే, పది గంటలకల్లా శేషఫణికి తెలుస్తుంది. సాయంత్రానికి పదకొండు మందికీ తెలుస్తుంది. ఇన్నేళ్ళుగా వాళ్ళ నెత్తిన రుద్దిన మాటలన్నీ వాళ్ళు ఒక్కొక్కటిగా తిరిగి ఇస్తారు. ఆ ఊళ్ళో అతనికి పేరు తప్ప ఇంకేం లేదు. అది కాస్తా ఈ మలుపులో ఆగిపోయింది.

"చల్లారినాక ప్లగ్గు బొక్కలో రవ్వంత నూనె పోసి ఊపితే ఊడొచ్చు," అన్నాడు చివరికి, చాలా చిన్న గొంతుతో.

యాడిది నూనె అని ఎవరూ అడగలేదు. సుందరం బండి దగ్గర కాపలా ఉన్నాడు. హుమాయున్ అలీ అహ్మద్ వెనక కూర్చుని కనుమ దిగాడు. వయసొచ్చాక ఇంకొకడి వెనక కూర్చోవడం అదే మొదలు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు.

రమణమ్మ చూసి ఆశ్చర్యపోలేదు. "నూనె యాడిది నాయనా? నువ్వు పోయినకాడి నుంచి చూస్తాండా, చుక్క తేలల్యా. ఎవురు చెడిపిన్యారో వాళ్ళే తిప్పల్ల. ఇదో తెడ్డు."

"నాకు శానా అర్జెంటు మ్మా."

"నూనెకు అర్జెంటు లేదు. నోరు మూసుకొని తిప్పు. మాట్లాడితే తేలదు."

తెల్లచొక్కా చేతులు పైకి మడిచి, పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, హుమాయున్ తెడ్డు తిప్పాడు. పొగ కళ్ళల్లోకి పోయింది. అలీ అహ్మద్ చెట్టు నీడన బీడీ వెలిగించి, నవ్వు ఆపుకోలేక ముఖం తిప్పుకున్నాడు. తిట్టడానికి లేదు, తిడితే నూనె తేలదట. ఇలాంటి వెర్రిమాటలు తను నమ్మేవాడా? నమ్మలేదు. అయినా నోరు తెరవలేదు. మేకులు నోట్లో పట్టుకున్న నాల్‌బందు కొడుకు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, గంటసేపు మాట్లాడకుండా పని చేశాడు. మెల్లమెల్లగా నీళ్ళ మీద బంగారు రంగు చుక్కలు లేచి ఒకదానికొకటి అంటుకున్నాయి. రమణమ్మ గరిటెతో తీసి, ఇంకో ముంతలో మళ్ళీ కాచి, సీసాలో పోసి ఇచ్చింది.

"ఎద్దు తోకకు పూయాల్నా?" అని అడిగింది. హుమాయున్ తల వంచుకుని సీసా తీసుకున్నాడు.

ప్లగ్గు బొక్కలో ఆముదం పోసి, గేరులో పెట్టి, ముగ్గురూ బండిని ముందుకూ వెనక్కూ ఊపారు. ఎంతోసేపటికి టక్కుమని ఊడింది. మిగిలిన ఆముదం పెట్రోల్లో పోసి, టాంకీని పట్టుకుని బాగా కుదిపి, కిక్కు కొట్టారు. తెల్లటి పొగ గుప్పున వచ్చింది. కొండంతా ఆముదం వాసన. సుందరం చప్పట్లు కొట్టాడు. హుమాయున్ స్క్రూడ్రైవరు తీసి, ఇంజిను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

వినిపించింది. చాలా సన్నగా, లోపల ఎక్కడో, గోరుతో రేకు మీద కొట్టినట్టు. పిస్టన్ గీరుకుపోయింది. ఈ రోజుకు నడుస్తుంది, రేపూ నడుస్తుంది, కొన్ని నెలలూ నడవొచ్చు. కానీ ఇది ఇక చచ్చే ఇంజిను. కొత్త పిస్టన్ మద్రాసు నుంచి రావాలంటే నెల పడుతుంది.

"బాగుంది గదా?" అన్నాడు అలీ అహ్మద్.

"బాగుంది," అన్నాడు హుమాయున్.

మిగిలిన దారంతా గంటకు పదిహేను మైళ్ళు మించకుండా, అచ్చం పానకాలరావులా నడిపాడు. అంత నెమ్మదిగా పోతే కొండలు కనబడక తప్పదు. పడమటి ఎండలో బండలు ఎర్రగా కాలుతున్నట్టున్నాయి. కింద పొలాలు చిన్న చిన్న గళ్ళుగా ఉన్నాయి. బాగుందని అతనికి మొదటిసారి అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

సోమవారం మొదటి బస్సుకు పానకాలరావు వచ్చాడు. బండి కడిగి, మైళ్ళ మీటరు తీగ తగిలించి, తళతళలాడుతూ నిలబెట్టి ఉంది. ఆయన కిక్కు కొట్టి, తల పక్కకు వంచి, పాట వింటున్నవాడిలా విన్నాడు. గోరుతో కొట్టిన ఆ చప్పుడు హుమాయున్‌కు షెడ్డు రేకులన్నీ అదురుతున్నంత గట్టిగా వినిపిస్తోంది. ఈయనకు వినిపిస్తుందేమోనని ఆయన ముఖమే చూస్తూ నిలబడ్డాడు. వినిపించలేదు. ఇన్నేళ్ళూ చెవులు లేవని తిట్టినవాళ్ళ చెవిటితనమే ఆ పొద్దున అతన్ని కాపాడింది.

"ఎంత హాయిగా పలుకుతోందండీ! కొత్తదానిలా చేశారు," అన్నాడు పానకాలరావు. తర్వాత ముక్కు ఎగబీల్చాడు. "ఆముదం వాసన వస్తోందేమిటండీ?"

"చెయినుకు పూసినా సార్. తుప్పు పట్టకుండా."

"ఓహో!" పానకాలరావు నీలం అట్ట పుస్తకం తీశాడు. రాస్తూ పైకి చదివాడు: "మసి తీయడమైనది. చెయినుకు ఆముదం. హుమాయున్ గారి పని. ఇంజిను సద్దు బహు బాగున్నది." కలం మూత పెట్టి, గుడ్డతో టాంకీ తుడిచి, నమస్కారం పెట్టి పోయాడు.

రెండేళ్ళ పుస్తకం అది. కన్ను గీత దగ్గర పెట్టి కొలిచి, మైలు మైలుకూ రాసింది. అందులో ఒక్కటే అబద్ధం ఉంది, అది హుమాయున్ పేరు మీద ఉంది. బండి చప్పుడు మలుపు తిరిగి వినబడకుండా పోయేదాకా అతను నిలబడే ఉన్నాడు. "ఆగండి సార్" అనడానికి రెండు నిమిషాలు ఉండింది. అనలేదు.

తర్వాత కూడా షెడ్డులో తిట్లు ఆగలేదు. శేషఫణి వచ్చాడు, తిట్లు తిన్నాడు, పోయాడు. కాకపోతే వెనకటి రుచి లేదు. స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకున్నప్పుడల్లా ఎవరి ఇంజిన్లోనైనా సరే ఆ గోరు చప్పుడే ముందు వినిపించేది. ఇంటిది ఖమ్రున్నీసా అడిగితే తలనొప్పి అన్నాడు. సుందరం గండికోట బొమ్మకు చట్రం కట్టించి తెచ్చి షెడ్డులో తగిలించిపోయాడు. దాన్ని గోడకు తిప్పి పెట్టాడు హుమాయున్.

వానలు తగ్గాక ఒకరోజు ఎద్దుల బండి మీద ఎర్రబండి వచ్చింది. దాని పక్కన పానకాలరావు నడిచి వచ్చాడు. లింగాల దాటాక చెరువుగట్టు ఎక్కుతుంటే ఇంజిను లోపల ఏదో విరిగిందట. పులివెందుల దాకా ఒక్కడే తోసుకొచ్చి, మర్నాడు బండి మాట్లాడుకుని ప్రొద్దుటూరు తెచ్చాడు. దారిలో పిలిచిన మెకానిక్కులు లేకపోలేదు. ఆయన ఎవరి చేతా ముట్టుకోనివ్వలేదు.

హుమాయున్ ఇంజిను విప్పాడు. పిస్టన్ రెండు ముక్కలైంది. గీతలు చూస్తే చదువురాని వాడికి కూడా తెలుస్తుంది, ఇది నిన్నటి రోగం కాదని. ఆ వేళకు శేషఫణి కూడా అక్కడే ఉన్నాడు, తన బండి కోసం కూర్చుని, కాలక్షేపం దొరికినందుకు సంతోషంగా చూస్తున్నాడు.

పానకాలరావు స్టూలు మీద కూర్చుని నీలం అట్ట పుస్తకం తిరగేస్తున్నాడు. ఒక్కో పేజీ వేలితో కిందికి జరుపుకుంటూ, పెదాలు కదుపుతూ చదువుతున్నాడు. చివరికి వచ్చి మళ్ళీ మొదటికి పోయాడు. చెప్పుల నిండా బురద, చొక్కా భుజం దగ్గర చిరిగింది.

"ఏం చూస్తాండారు సార్?" అన్నాడు హుమాయున్.

"ఫిబ్రవరి నుంచీ ప్రతిరోజూ చూశానండీ. ఎక్కడో ఒక రోజు నేనే ఆయిలు తక్కువ పోసి ఉండాలి. లేకపోతే ఇలా ఎందుకవుతుంది? మీరు అంత బాగా చేసి ఇచ్చిన బండిని పాడుచేసుకున్నాను." ఆయన గొంతులో నిజంగా సిగ్గు ఉంది. "ఆ రోజు ఏదో మాత్రం దొరకడం లేదు. ఎక్కడో రాయడం తప్పాను."

శేషఫణి ఇకిలించాడు. "కొలిచి కొలిచి ఇట్లయిందా సారూ! మా హుమాయున్ మామ ముందే చెప్పె, సార్‌కు చెవులు లేవని."

ఆ మాట తనదే. తన నోటి మాటే, తన నవ్వే, పత్తి వ్యాపారి కొడుకు మూతి మీద కూర్చుని ఉంది. అదెంత నీచంగా ఉంటుందో హుమాయున్ ఇన్నాళ్ళూ బయటి నుంచి చూడలేదు. పానకాలరావు తల ఇంకాస్త వంచి, మళ్ళీ ఫిబ్రవరి పేజీకి తిప్పాడు. ఒప్పుకున్నాడు. ఊరికే ఊరుకుంటే చాలు, తప్పంతా ఆయనే మోసుకుని పులివెందుల పోతాడు. హుమాయున్ పేరుకు మచ్చ పడదు.

హుమాయున్ విరిగిన పిస్టన్ ముక్కలు బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకున్నాడు.

"దొరకదు సార్. ఆ దినం ఆ పుస్తకంలో లేదు. ఆ దినం బండి మీ దగ్గర లేదు."

పానకాలరావు తలెత్తాడు. అర్థం కాలేదు. శేషఫణికి కాస్త ముందే అర్థమైంది, కాలు మీద వేసిన కాలు తీసి నిటారుగా కూర్చున్నాడు. కూర్చోనీ, అనుకున్నాడు హుమాయున్. సాయంత్రానికి ఊరంతా చెప్పనీ.

"కలం తీయండి. నేను చెప్తా, రాసుకోండి. మీరు సోమవారం వచ్చినారు గదా, దానికి ముందు దినం. ఆదివారం. జమ్మలమడుగు, గండికోట, ముద్దనూరు కనుమ. నడిపింది హుమాయున్. కనుమ కింద పెట్రోలు పోసింది రెండు సీసాలు."

పానకాలరావు నెమ్మదిగా కలం మూత తీశాడు. ఫిబ్రవరి పేజీలో, "ఇంజిను సద్దు బహు బాగున్నది" అన్న వరసకు పైన, ఖాళీలో చిన్న అక్షరాలతో రాయడం మొదలుపెట్టాడు. సీసాల దాకా రాసి, అలవాటుకొద్దీ ఆగాడు.

"ఆయిలు ఎంతండీ?" అని అడిగాడు.

"పోయలేదు సార్," అన్నాడు హుమాయున్. "పోయల్లని తెలుసు. అయినా పోయలేదు. అది గూడా రాయండి."